మినిమం బిల్లు

కవిటి దాటి, ఇసక దారిలో సైకిలు దిగి
జీడితోట లోపలికి నడిస్తే
నా పుస్తకంలో ఆఖరి సర్వీసు.
పేరు దయానిధి. వాడకం సున్నా, ఒకటి,
వానాకాలమైతే రెండు.

ఆరేళ్ళు అవే అంకెలు రాశాను.
మొదట్లో మీటరు చెడిందనుకున్నాను.
కాదు. లైటు వేసేది దాలమ్మ,
చీకటి పడ్డాక ఒక్కసారి,
ఆయన చాప మీద తేళ్ళు లేవని చూసి
ఆర్పేయడానికి.

సోంపేట స్టేషన్లో టిక్కెట్లిచ్చిన మనిషి ఆయన.
కిటికీలో చెయ్యి పెట్టిన వాళ్ళందర్నీ
ఎక్కడికి, ఎక్కడికి అని అడిగి అడిగి
ఒకనాడు తననే అడుక్కుని
ఈ తోటలోకొచ్చి కూర్చున్నాడంటారు.
వినడానికి జనం వచ్చారు. కొన్నాళ్ళు కార్లు కూడా.
దాలమ్మ బట్టీలో పిక్కలు కొట్టుకునే మనిషి,
మంచినీళ్ళు పోయడానికని వచ్చి
గుమ్మం దగ్గర ఉండిపోయింది.

జీడి చమురు ఆమె వేళ్ళ గీతలు తినేసింది.
రేషను మిషను నాలుగుసార్లు నొక్కించుకుని
నువ్వు నువ్వు కాదు పొమ్మంటుంది.
ఆ వేళ్ళే ఎర్రమట్టీ పేడా కలిపి
ఆయన గది అలికితే
గోడంతా ముద్రలు.
అక్కడ మాత్రం ఆవిడే.

వెళ్ళేనాడు గుడ్డసంచీతో దడి దగ్గర ఆగి
"చోటు చూసుకో దాలమ్మా" అన్నారట.
అంతే. ఎక్కడికో చెప్పలేదు,
అందర్నీ అడిగినాయన.

"సూసుకో అంటే కాయమనా బాబూ,
సూడమనా?
నాకేటి తెలుస్తాది, రెండూ సేస్తన్నాను.
పొద్దుట తుడుస్తాను. మజ్జానం కూకుని సూస్తాను.
సూస్తుండగానే మల్లీ ఆకులు రాల్తాయి."

తిత్లీ వచ్చి వెళ్ళాక
కొబ్బరితోట తోటంతా దండం పెట్టినట్టు పడుకుని
మరి లేవలేదు.
స్తంభాలు నిలబెట్టుకుంటూ మేం
ఇరవయ్యో రోజుకి అక్కడికి చేరాం.
దాలమ్మ ఇంటికి కప్పు లేదు.
ఆయన గదికి ఉంది.
తన ఇంటి మీద మిగిలిన రేకులు
విప్పి తెచ్చి వేసింది.
మా లైన్‌మ్యాన్ గున్నయ్య తిట్టాడు,
"ఆయనొస్తాడేటే, ఎర్రిదానా?"
"వత్తారని కాదు. తడిసిపోతాదని."
ఏది తడుస్తుందో మేం అడగలేదు.
తీగ బిగించి దిగాం.

ఈ వైశాఖంలో మీటరు పదకొండు చూపించింది.
అద్దం తుడిచి మళ్ళీ చూశాను.
పదకొండే.
లోపల ఫ్యాను తిరుగుతోంది.
చాప మీద ఎవరో ముసలాయన,
కాళ్ళకి నీరు పట్టి,
పనసతొన ఒలుచుకుంటూ తలెత్తి
"మీదేనా ఈ చోటు?" అన్నారు.
"భలే ఉంది. ఎవరో శ్రద్ధగా చూసుకున్నారు.
ఒక్క రాత్రి ఉండొచ్చా?
పొద్దున్నే నాకు రైలుంది."

పన్నెండు రోజులుగా అదే అడుగుతున్నారట.
నూతి గట్టు మీద బిందె దించి చెప్పింది దాలమ్మ.
ఊరి పేరు లేదు ఆయన దగ్గర,
తన పేరు లేదు,
ఆమెది సరే.

నువ్వేమంటావన్నాను.
"ఉండండి బాబూ అంటాను.
ఎవులిదీ చోటంటే, తుడిసీదాన్ని, నాకు తెలీదంటాను.
నవ్వుతారు. అప్పుడు కూడా
ఇలాగే నవ్వీవోరు."
కొంగుతో మొహం తుడుచుకుంది.
చెమటే కావచ్చు. ఎండ అలా ఉంది.

చీటీ చింపి ఇచ్చాను.
మొదటిసారి మినిమం దాటింది.
అంకె మీద నున్నటి వేలు పెట్టి
"పెద్దదేనా?" అంది.
కాదన్నాను. అబద్ధమేమీ కాదు.

గ్లాసుతో ఆమె చెయ్యి కిటికీలోంచి లోపలికెళ్ళింది.
లోపల్నుంచి ఆ గొంతు,
ముప్పై ఏళ్ళ అలవాటు:
"ఎక్కడికమ్మా?"

"ఇక్కడికే బాబూ."

కాసేపు నిలబడ్డాను.
తర్వాత సైకిలు తీసుకున్నాను.
ఆ ఇసకలో తొక్కడానికి కుదరదు,
పక్కన నడవాలి.